కెమెరాలో ఎక్కించినది తీయను

నిమ్‌పురా, ఖరగ్‌పూర్

అన్నయ్యకి చెల్లెలు కుమారి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, అత్తా, మావయ్యా కులాసా. నువ్వూ, వదినా, పిల్లలూ బాగున్నారనే నమ్మకంతో రాస్తున్నాను. అమ్మకి దగ్గు తగ్గిందా? ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే ఈ ఉత్తరం. మధ్యలో అరవకుండా చివరిదాకా చదువు.

ఉక్కపోత చంపేస్తోంది. అత్త వంట బాగానే ఉంటుంది గానీ, నేను పనిచేసే స్టూడియో దగ్గర మధ్యాహ్నం తినే కూరల్లో ఆవనూనె ఇంకా గొంతు దిగదు. పెళ్ళి వీడియోలకి తిరిగే రోజుల్లో ఇల్లు గుర్తురాదు. ఖాళీ ఆదివారాల్లో మాత్రం ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు.

ఇక అసలు సంగతి. నా సంపాదనతో కొనుక్కున్న కొత్త డీఎస్ఎల్ఆర్ కెమెరాలో ఏవేవో ఎక్కించి పాడు చేస్తున్నానని అత్త నీకు చెప్పింది. ఎందుకు ఎక్కించానో చెప్పలేదు.

మావయ్య రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగాక తప్పెటగుళ్ళ జట్టుతో ఆడతాడని నీకు తెలుసు. గుండెల మీద తప్పెట కట్టుకుని అమ్మవారి ముందు మొదలుపెట్టారంటే ఆపరు. ఆఖరున ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు, అందరికంటే పైన మావయ్య నిలబడతాడు, వెంటనే హారతి. మొన్న మా వీధి పండగకి అదంతా తీస్తుంటే, అరగంట కాగానే కెమెరా తనంతట తానే ఆగిపోయింది. నేను చూసుకుని మళ్ళీ నొక్కేసరికి మావయ్య కిందికి దిగిపోయాడు. ఇంకొక్కసారి ఎక్కమని బతిమాలాను.

"హారతయిపోయినాక ఎక్కకూడదమ్మా. అమ్మోరి కాడ ఎటకారాలేటి?" అన్నాడు.

మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఈ ఏడాదితో పైకెక్కడం ఆపేస్తానని ముందే చెప్పాడు. అప్పటికిక ఈ దగ్గర్లోని సాలువా ఊళ్ళో ఒక్క ఆటే మిగిలింది. అది కూడా పోతే, మావయ్య పైన నిలబడిన బొమ్మ మనకెవరికీ ఉండదనిపించింది.

కెమెరా ఆగింది దానికి శక్తి లేక కాదు అన్నయ్యా. తయారుచేసినవాళ్ళు లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఆ కట్టడి పెట్టారు. నేను కొన్న వస్తువు ఎప్పుడు ఆగాలో చెప్పడానికి వాళ్ళెవరు? దేశదేశాల వాళ్ళు కలిసి రాసి, ఎవరైనా చూసుకోండి, మార్చుకోండి అని కోడ్‌తో సహా ఊరికే ఇచ్చిన ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని మెమరీ కార్డులో వేసి కెమెరాకి పెట్టాను. ఇప్పుడు నేను ఆపేదాకా ఆగదు. తప్పెట దెబ్బకి శబ్దం పగిలిపోతుంటే తెర మీద ఎర్ర గీత వస్తుంది. వెలుగు మరీ ఎక్కువైన చోట చారలు కనిపిస్తాయి. గ్యారంటీ పోతుందన్నావు. పోవచ్చు, తెలిసే చేశాను. ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నీ విప్పి బాగుచేసే దుకాణం నడుపుతూ, నా కెమెరాలో నేను చెయ్యి పెడితే నీకంత కోపమెందుకు?

సాలువాలో మొదటి దెబ్బ నుంచి హారతి దాకా ఒక్క బిగిన తీశాను. మర్నాడు స్టూడియో యజమాని, ఇక్కడి అలవాటున మేం దాదా అని పిలిచే పెద్దాయన, తెర మీద ఆ కొత్త గుర్తులు చూసి మండిపడ్డాడు. ఈ దొంగ సరుకు తీసెయ్, లేకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు. ఇది ఎవరి దగ్గరా దొంగిలించింది కాదు దాదా అని చెప్పాను. వినలేదు. నువ్వూ ఫోన్లో అదే పాట: తీసేసి పని నిలబెట్టుకో, లేదా ఇంటికి వచ్చెయ్.

తీయను. ఇంటికీ రాను. స్టూడియో మానేశాను. ఇక్కడే మలంచా పేటలో ఒక గృహప్రవేశం వీడియో నా పేరు మీదే ఒప్పుకున్నాను. భయం లేదా అంటే, ఉంది. భయపడుతూనే చేస్తాను.

వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు, పక్కింటి తాతకి నా దండాలు. ఎవరైనా ఇటు రైలెక్కితే ఎండు నెత్తళ్ళు పంపు.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. నిన్న ఆ వీడియో మావయ్యకి చూపించాను. ఇన్నేళ్ళుగా పైన నిలబడిన మనిషి తనని తాను ఎప్పుడూ చూసుకోలేదు. కదలకుండా చివరిదాకా చూశాడు.

"ఇంతెత్తు ఎక్కీవోడినా నాను?" అన్నాడు.

నా మీద నీకు చాడీలు చెప్పిన అత్త పక్కనే ఉంది. "మళ్ళీ ఎయ్యే. మీ అన్నతో నాను సెప్తాను, తియ్యదని" అంది.

నీ దీవెన కోరుకునే, నీ మాట మాత్రం ఈసారి వినని చెల్లెలు,
కుమారి