తుపాకీ నెంబరు లేని కాగితం

ఆదోని, సోమవారం.

చెల్లెలు సులోచనకు, నేను ఇక్కడ బాగున్నాను.

ఫోనులో అన్న మాటను తర్వాత కాదంటారని కార్డు రాస్తున్నాను. చనిపోయిన నాయన తుపాకీ లైసెన్సు తన పేరుకు మార్చుకోవడానికి తమ్ముడు బసవరాజు నిన్న నా సంతకం కోసం వచ్చాడు. మూడు స్టాంపు కాగితాలు తెచ్చాడు. వారసులకు అభ్యంతరం లేదని ఒకదాని మీదే రాసి ఉంది. మిగతా రెండూ ఖాళీ.

"ఒక తుపాకీకి మూడు కాగితాలు యాలప్పా? దాని నెంబరు యాడ రాసినావు?" అన్నాను.

"ఆఫీసులో రాపిస్తాలేన్నా. నీకు గుడి తీర్థమిచ్చినా అనుమానమే" అని నవ్వాడు.

నేను సంతకం చేయలేదు. శనివారం ఎమ్మిగనూరు వచ్చి నీ దగ్గరున్న అమ్మ వేలిముద్ర తీసుకుంటాడట. తుపాకీ వాడికే రావాలి, అడవిపందుల బాధ పడేది వాడే. కానీ చేను అమ్మ పేరున ఉంది. ఆ ఖాళీ కాగితాల మీదకు చేను ఎక్కుతుందేమోనని నా భయం.

నాయన లైసెన్సు పుస్తకం నీ దగ్గర దాచు. అమ్మ కంటి చుక్కల మందు అయిపోయిందా? ఆదివారం తెస్తాను. అంతవరకు ఆమె వేలికి సిరా అంటనీయకు. పిల్లలకు దీవెనలు.

మీ అన్న,
వీరభద్రప్ప