నాన్న మడిచిన దుప్పటి

అన్నయ్యకు,

ఫోనులో నా మాట పూర్తి కానివ్వవు కాబట్టి రాస్తున్నాను. "ఇన్నేళ్లుగా ల్యాబ్‌లో ఏం వెలగబెడుతున్నావే? నాన్నకో మందు కనిపెట్టలేవా?" అంటావు. లేదు మహానుభావా, కనిపెట్టలేకపోయాను!

మెదడు కణాల్లో ప్రోటీన్లు సరిగ్గా మడతపడాలి. తప్పుగా పడినవాటిని సరిచేయడానికి, కుదరకపోతే ముక్కలు చేసి పారేయడానికి కణంలోనే ఏర్పాట్లుంటాయి. నాన్న మతిమరుపు జబ్బులో వాటికి శక్తి చాలడం లేదు. ఆ చెత్త ఉండలు కట్టి, కణాలు చచ్చిపోతున్నాయి. రోజూ మైక్రోస్కోపులో అవే ఉండలు చూస్తున్నా, నేను చేయగలిగింది సున్నా.

నువ్వు చేయగలిగింది మాత్రం ఉంది. బట్టల కొట్టులో జీవితమంతా దుప్పట్లు మడిచిన మనిషి ఇప్పుడు ఒక్క దుప్పటితో పొద్దంతా కుస్తీ పడుతున్నారు. ఎలాగో మడిచి చూపిస్తే, "ఇలా కాదు నాన్నా" అంటూ లాక్కుని, ఆయన ముందే దులిపి మళ్లీ మడుస్తున్నావట. మొన్న ఆయన అన్నం ముట్టలేదని వదిన చెప్పింది.

సరిచేయాల్సిన మడతలు అవి కావు, అన్నయ్యా. ఆదివారం వస్తున్నాను. ఆయన మడిచిన దుప్పటి మడిచినట్టే నా మంచం మీద ఉండాలి. ఎంత చక్కగా మడిచినా, కప్పుకునేటప్పుడు విప్పేదేగా.

నీ చెల్లి