గోడ మీద తప్పు, కాగితం మీద సంతకం

జూలై 7, సోమవారం
వరండా గోడ ఆరింది. ఇంగ్లీషు క్రియలు, పక్కన వాటి భూతకాల రూపాలు. నీలం మీద తెల్లక్షరాలు. పెయింటర్ ఖాదర్ గారి చెయ్యి, ఎంత పొందిగ్గా ఉందో! తనిఖీకొచ్చిన ఎంఈవో గారు ఫోన్ తీస్తే మెచ్చుకుని ఫోటో తీస్తున్నారనుకున్నాను, పిచ్చిదాన్ని.
"ఫాల్‌కి ఫెల్ట్ ఏంటి మేడం? లై-కి లెయిడ్ ఏంటి?" పిల్లల ముందే.
నాకంటే ముందు హెచ్చెమ్ గారు అందుకున్నారు. "పెయింటర్ తప్పండి. వాళ్లకి ఇంగ్లీషేం తెలుస్తుంది!"
నేను పిల్లల్ని క్లాసులోకి తోలుకెళ్ళాను.

జూలై 8
ఆ క్రియల జాబితా ఖాదర్ గారికి రాసిచ్చింది నేను. బస్సులో, పామర్రు దాటాక, ఒళ్ళో బ్యాగు మీద పెట్టుకుని. పుస్తకం చూడలేదు. ఇంగ్లీషు టీచర్ని, నాకు పుస్తకమెందుకు!
ఇవాళ చూశాను. ఫాల్‌కి ఫెల్, లై-కి లే అని ఉండాలి. ఫెల్ట్ తొందరలో పడిన తప్పు, సరే. లెయిడ్ మాత్రం తొందర కాదు. పద్దెనిమిదేళ్ళుగా క్లాసులో అదే చెప్తున్నాను. కోరస్‌గా చెప్పిస్తున్నాను.
ఇంకోటి గుర్తొచ్చింది. బ్రష్ పట్టేముందు ఖాదర్ గారు ఆ కాగితం కింద సంతకం పెట్టించుకున్నారు. బోర్డులు రాసేవాళ్ళ పద్ధతట.
"నా మీద నమ్మకం లేదా?" అన్నాను.
"అయ్యో, మీ మీద కాదండీ. నా మీద."
కాగితం ఆయన దగ్గరే ఉంది.

జూలై 10
ఎంఈవో గారికి సంజాయిషీ రాసివ్వాలి. "పెయింటర్ నిర్లక్ష్యం అని రాసెయ్యండి మేడం, ఒక్క లైనుతో పోతుంది" — హెచ్చెమ్ గారు.
రాశాను. ఒక్క లైనే. చేతిరాత కూడా బాగా కుదిరింది. సిగ్గులేని చెయ్యి.

జూలై 11
ఖాదర్ గారు బందరు నుంచి వచ్చారు. అందరూ వింటుండగా హెచ్చెమ్ గారు చెడామడా తిట్టారు. "దిద్దేస్తానండి" — అంతే. కాగితం ఊసే ఎత్తలేదు. దిద్దారు. టీ పంపిస్తే అలాగే చల్లారిపోయింది.
ఎందుకు చూపించరు? చూపిస్తే నేనూ ఆయన్ని తిట్టుకుందును, హాయిగా.

జూలై 14
మొవ్వ బడివాళ్ళు ఖాదర్ గార్ని ఇక గోడలు రాయడానికి రావద్దన్నారట. అవనిగడ్డ వాళ్ళు కూడా. గోడ ఫోటో టీచర్ల గ్రూపులన్నిట్లో తిరిగింది. స్టాఫ్ రూములో ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. నా మొహం మండ.

జూలై 15
ఖాదర్ గారు నిచ్చెన తీసుకెళ్ళడానికి వచ్చారు. వరండాలో ఎవరూ లేరు.
"ఆ కాగితం..."
"ఉందండి."
"మరి చూపించలేదేం?"
"మీరే చెప్తారనుకున్నానండి."
కోపంగా అన్నా బాగుండేది. జేబులోంచి తీసి చేతిలో పెట్టారు. "మీ దగ్గరే ఉంచండమ్మా. నా దగ్గరుంటే ఏదో రోజు కోపంలో చూపించేస్తాను."
నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు. గేటు దాకా కూడా వెళ్ళలేదు నేను.

జూలై 16
ఏడో తరగతి. లై, లే, లెయిన్ అని దిద్దుకోమన్నాను. "పెయింటర్ తప్పు రాశాడంట కదండీ మేడం!" — ముందు బెంచీ. వాళ్ళ నోట్సుల్లో ఉన్నది నేను చెప్పి రాయించిందే. మరి అదెలా వచ్చిందని ఎవరూ అడగలేదు.
"ఊఁ" అన్నాను.
ఛీ.

జూలై 17
కాగితం ఈ పేజీలోనే ఉంది. చింపలేదు. సంతకం కింద గీత కూడా గీశాను, ఎంత గొప్పో!
తప్పు నాదేనని చెప్దామని సాయంత్రం గుడివాడ బస్టాండులో మొవ్వ హెడ్మాస్టారి నంబరు నొక్కాను. ఒకసారి మోగింది. పెట్టేశాను.
ఇది రాస్తుంటే ఆయనే తిరిగి చేస్తున్నారు. మోగుతోంది... ఆగింది.
మళ్ళీ మోగుతోంది.