నాన్న బొమ్మ కింద పేరు

రాజమండ్రి, 14-12-1998

అన్నయ్యకి, నాగేశ్వరి నమస్కారాలు. అమ్మా నేనూ కులాసానే, కార్డు చూసి కంగారు పడకు.

మన గౌతమి ఫుట్‌బాల్ క్లబ్బుకి యాభై ఏళ్లు నిండాయని, పేటవాళ్లమంతా కలిసి గ్రౌండు గోడ మీద మొదటి టీము బొమ్మలు వేశాం. గోల్‌కీపరు నాన్న కదా, ఆ బొమ్మ నేనే వేశాను. పది రోజులు పట్టింది. నిన్న ప్రారంభోత్సవానికి వెళ్లి చూస్తే దాని కింద క్లబ్బు ప్రెసిడెంటుగారి తండ్రి పేరు రాసి ఉంది. ఆయన ఏనాడూ బంతి ముట్టిన మనిషి కాదు.

"ఇది మా నాన్నగారి బొమ్మండి" అన్నాను.

"తెలుసమ్మా. గోడ కట్టించింది మేం. మా నాన్నగారికి ఓ చోటుండొద్దా? మొహం మీవాళ్లదే ఉంచాంగా" అన్నాడు ప్రెసిడెంటు. నాతో కలిసి రంగులు వేసినవాళ్లంతా టీ తాగి వెళ్లిపోయారు.

పాత టీము ఫోటో నీ దగ్గరే ఉంది. వెనకాల అందరి పేర్లూ ఉన్నాయి. వెంటనే రిజిస్టర్ పోస్టులో పంపు, పేపరువాళ్లకి చూపిస్తాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? పూతరేకులు నలగకుండా అందాయా?

ఈ ఉదయం అమ్మ పట్టుబట్టడంతో రిక్షాలో గ్రౌండుకి తీసుకెళ్లాను. బొమ్మ చెంప నిమిరి, "కింద రాసింది మీ నాన్నగారి పేరేనా?" అని అడిగింది. అవునన్నాను. అమ్మకి చదువు రాకపోవడమే మంచిదైందనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

పిల్లలకి మా ఇద్దరి దీవెనలు.

నీ చెల్లెలు
నాగేశ్వరి