వరస వరసకీ వెలుతురు

అక్కకి, నేను కులాసా. కొత్త దేశంలో ఒంటరిదాన్నయిపోయానని బెంగపెట్టుకోకు. ఈ ఫోటో స్టూడియో పనికి నా చెయ్యి బాగా కుదిరింది.

మొన్న ఇక్కడి బడిలో గ్రూపు ఫోటో తీశాను. వరండా గోడ మీద నలభై ఏళ్ళ ఫోటోలున్నాయి. మొదట్లో పిల్లలంతా ఒకే రంగు, తెల్లవాళ్ళే. పదో ఏటి ఫోటోలో చివర ఒక్క పిల్ల వేరు. ముఖం ఉండాల్సిన చోట మసి మరక. "అప్పుడు కదిలిందేమోలే" అన్నాడు మా ముసలి ఓనరు. ఇప్పుడు ఒక్కో బెంచీ మీద నాలుగు దేశాల పిల్లలు కూర్చుంటున్నారు, ఈయన మాత్రం లైట్లకి తెల్ల ముఖాలకి సరిపడే ఆనాటి కొలతలే వాడతాడు. నేను వాటిని పక్కనపెట్టి, వరస వరసకీ లైటు సర్దాను. "గంట పట్టించావు, ఇదేం చాదస్తం!" అని విసుక్కున్నాడు. ఫోటో కడిగాక నా కొలతలు అడిగి రాసుకున్నాడు.

మధ్య కుర్చీలో ఉన్నావిడ ఈ ఏడే హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చింది. ఆ మసి మరక పిల్ల ఈవిడే! "ఈ బడి ఫోటోలో నా ముక్కు కనిపించడం ఇదే మొదలు" అని ఒకటే నవ్వు.

బావగారి దగ్గు తగ్గిందా? నా బూడిదరంగు స్వెట్టరు పంపు, చలి మొదలైంది. నీ చిన్నదాని ఫోటో కూడా పంపు. కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయించు. నా రంగు వచ్చిందని దాని ముఖానికి పౌడరు మాత్రం అద్దకు. చిన్నప్పుడు అమ్మ నాకు అద్దింది చాలు. దానికి నా ముద్దులు, ఉత్త బుగ్గల మీదే.

నీ చెల్లి