కల్లంలో నా వంతు

సత్తెనపల్లి, మార్చి 2003, బుధవారం

సమానత్వమని గొంతు చించుకునే నువ్వే పక్కవాళ్ళని నోరు తెరవనివ్వవు. నాకు నేనే రాసుకుంటున్నా, ఒప్పుకో.

మన కూలీల సంఘం కమిటీలో ఉన్నదే ఐదుగురం. నిన్నటి మీటింగులో రెండు గంటలూ నేనే మాట్లాడాను. ఇవాళ పొద్దున ఆ ఐదుగురిలో ఒకరైన మరియమ్మ కబురు పెట్టింది: "ఇక రానన్నా. నా వంతు ఎప్పుడూ రాదుగా."

వాదించి గెలుద్దామని ఆమె పనిచేసే మిరప కల్లానికి వెళ్ళాను. కుప్ప చుట్టూ ఆడవాళ్ళు తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు. గాలి వీచే వైపు కూర్చున్నవాళ్ళకే ఘాటంతా కొడుతోంది. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, అందరూ తలా ఒక చోటు జరిగారు.

మరియమ్మ దగ్గుతూనే నవ్వింది. "ఏంటన్నా అట్టా చూస్తన్నావు? ఒక్కళ్ళే ఘాటు తింటే సాయంత్రానికి పడిపోరూ? రా, ఇది నీ వంతు."

కూర్చున్నాను. కళ్ళు మండి నీళ్ళు కారాయి. చెంబుతో నీళ్ళు తనే తెచ్చిచ్చింది. తాగి, నా వంతు అయ్యేదాకా కాయలు ఏరి వచ్చేశాను. ఆమె మళ్ళీ మీటింగుకి వస్తుందో, రాదో...

నీకు నా డిమాండ్లు:
మీటింగులో మొదటి మాట నీది కాదు.
మిగతా నలుగురూ మాట్లాడేదాకా నోరెత్తకు.
నువ్వెప్పుడూ కూర్చునే ఫ్యాను కింద కుర్చీ ఇకపై వంతులవారీగా.
రేపు కల్లానికెళ్ళి మరియమ్మను రమ్మని అడుగు. ఒక్క మాటలో. ఉపన్యాసం వద్దు.