సోమవారం కాలు

శ్రీవారికి,

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నిజానికి మొన్నటిదాకా మన గుర్రం చుక్క క్షేమంగా లేదు, నేనూ లేను. మీ తమ్ముడు మాత్రం దుక్కలా ఉన్నాడు. మీరు ఓడలో అందరికీ వండిపెట్టి వేళకు తింటున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయింది. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను గానీ అది చల్లారేలా లేదు. అందుకే ఇలాగే రాస్తున్నాను.

చుక్కకు సోమవారం కాలు వచ్చిందని మీ తమ్ముడు రాశాడట. అదేం రోగం, ఆ పేరెక్కడిది అని అడిగారు. గరిటె పట్టుకున్న మీకు తెలియకపోవడంలో వింత లేదు. బండి లాగే గుర్రం వారమంతా తిరుగుతూనే ఉంటుంది. ఆదివారం బండికి సెలవు. యజమానికి జాలి పుడుతుంది. పాపం, ఇవాళైనా నిలబడి తిననీ అని లాయంలో కట్టేసి, పనిరోజు వేసే దాణా అంతా వేసి, పైన ఇంకో దోసెడు వేస్తాడు. కదలిక లేదు, తిండి తగ్గలేదు. నీరంతా కాళ్లలోకి దిగుతుంది. మర్నాడు పొద్దున బండికి కట్టబోతే వెనక కాలు గిట్ట పైనుంచి తొడదాకా స్తంభంలా ఉంటుంది. సోమవారం కంటబడింది కనుక సోమవారం కాలు అన్నారు. మా నాన్న లాయంలోనూ ఇదే మాట. చిన్నప్పుడే నాకది అన్యాయమనిపించేది. చేసిందంతా ఆదివారం, పేరు మోసేది సోమవారం.

మరి చుక్కను కట్టేయమన్నదెవరు? నేను లాయం నిచ్చెన మీంచి పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నానని తెలియగానే మీరే కదా మీ తమ్ముడికి రాశారు, వదినను లాయంలో అడుగు పెట్టనివ్వకు, తను లేచేదాకా చుక్కకూ విశ్రాంతి ఇవ్వు, ఇద్దరికీ తిండి మాత్రం తగ్గించకు అని. మీ మాట అతనికి వేదవాక్కు. లాయానికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

ఎముక ఎప్పుడో అతుక్కుంది. పని చేసుకోవచ్చని డాక్టరే చెప్పాడు. అది మీకెవరూ రాయలేదు కాబోలు. నన్ను వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూలేసి మీ మరదలు కంచం తర్వాత కంచం తెచ్చేది. గిన్నె ముట్టుకుంటే లాక్కునేది. నా చెప్పులు నా కాళ్లకే పట్టకుండా పోయాయి. ఆ కాళ్లు చూసి వదిన బాగా నీరసించిపోయిందని మీ తమ్ముడు నిట్టూర్చేవాడు. కూర్చోబెట్టింది మీరు, నీరసం నాదా? మీకు ప్రేమంటే వడ్డించడమే. మీ ఓడలో వాళ్లు తిని పనిలోకి పోతారు. మేమెక్కడికి పోవాలి?

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. చుక్క ఇక పనికి రాదని తేల్చేసి మీ తమ్ముడు బేరం పెట్టాడు. వచ్చేవాడు బండి కోసం కాదు, తోలు కోసం. మీ మరదలు నోరు జారితే నాకు తెలిసింది. అతను కలప అడితికి వెళ్లగానే, కట్టెలు కొట్టే గొడ్డలి తిరగేసి లాయం తాళం పగలగొట్టాను. దాణా తొట్టి ఖాళీ చేసి గడ్డి వేశాను. పగ్గం పట్టుకుని మెల్లగా వీధి చివరిదాకా నడిపించాను. అది కాలీడ్చింది, నేనూ ఈడ్చాను. ఎవరు ఎవరిని నడిపించారో చెప్పలేను.

సాయంత్రం వచ్చి మీ తమ్ముడు నానా యాగీ చేశాడు. అన్నయ్యకేం చెప్పాలన్నాడు.

"కొత్త తాళం వేసుకో బాబూ. గొడ్డలి ఎక్కడికీ పోదు" అన్నాను.

అప్పటినుంచి అతను నాతో మాట్లాడటం లేదు. మేం రోజూ నడుస్తూనే ఉన్నాం. తోలు బేరగాడు వచ్చేసరికి చుక్క వాకిట్లో అటూ ఇటూ తిరుగుతోంది. అతను వంగి కాలంతా తడిమి చూసి, వాపేదీ అన్నట్టు నా మొహం చూశాడు.

"దీనికేం రోగమమ్మా?"

"సెలవు" అన్నాను.

ఉత్త చేతులతో పోయాడు.

నాకేమవుతుందోనని మీరు భయపడ్డారు. అది నాకు తెలుసు, తెలిసే ఇంత కోపం. భయం మీది, తాళం మా మీద. ఉత్తరంలో ఒక్కసారి ఎలా ఉందని నన్నే అడిగి ఉంటే సరిపోయేది. మీరొచ్చాక మీకిష్టమైనవన్నీ వండండి, కడుపారా తింటాను. కానీ మునుపటిలా పొద్దుటి బండి నేనే తోలి వచ్చాకే తింటాను. ఈలోగా నన్ను కూర్చోబెట్టమని ఎవరికైనా రాస్తే, ఆ ఉత్తరం అందేసరికి ఇంట్లో నేనుండను. నా చెప్పులు మళ్లీ నాకు పడుతున్నాయి.

ఇట్లు,
కోపం తీరని మీ ఇల్లాలు